'సేకరణ' అంటే ఎవరి పేరు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కథ పోయింది, కవిత పోయింది, దాని కింద వేరేవాళ్ల పేరు వెలిసింది. ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే బాధ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం రాతల దొంగతనానికే ఇస్తున్నాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఫేస్‌బుక్‌లో పెట్టిన కవిత నెల తిరక్కుండానే వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలైంది. నా పేరు తీసేసి కింద 'సేకరణ' అని పెట్టారు. ఇప్పుడు ఒక సాహిత్య గ్రూపులో ఒకాయన ఏకంగా తన పేరే వేసుకున్నారు. ఇది నాది కదా అని కామెంటు పెడితే నన్ను బ్లాక్ చేశారు. ఏం చేయాలి? – ఒక కవయిత్రి, తెనాలి

బ్లాక్ చేశారు కాబట్టి ఆ పోస్టు ఇక మీకు కనపడదు. ఆ గ్రూపులో ఉన్న స్నేహితుల్లో ఒకరి సాయం తీసుకోండి. ఆయన పోస్టు తీసేసేలోపు, వీలైతే ఈరోజే, సాక్ష్యం దాచాలి. పోస్టులో పేరు కింద కనిపించే తేదీ మీద నొక్కితే ఆ ఒక్క పోస్టే విడిగా తెరుచుకుంటుంది. దాని లింకు కాపీ చేయించండి. తర్వాత స్క్రీన్‌షాట్ తీయించండి. గ్రూపు పేరు, పెట్టినవారి పేరు, తేదీ, కవిత మొత్తం, కింద "అద్భుతంగా రాశారు సార్" అంటే ఆయన "ధన్యవాదాలు" అన్న కామెంట్లు, అన్నీ అందులో పడాలి. ఆ ధన్యవాదాలే ముఖ్యం. రేపు "నేను షేర్ చేశానంతే, నాదని అనలేదే" అంటే దానికి జవాబు అక్కడుంది. చివరగా గ్రూపు మొదటి పేజీ నుంచి ఆ పోస్టు దాకా వెళ్తూ ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ చేయిస్తే మంచిది. ఒక్క స్క్రీన్‌షాట్‌ను 'తయారుచేసింది' అనడం తేలిక, రికార్డింగ్‌ను అనడం కష్టం.

పేజీ అందరికీ కనిపించేదైతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో లింకు ఇచ్చి భద్రపరచవచ్చు. ఏ రోజు ఏముందో తేదీతో సహా నిలిచిపోతుంది. లాగిన్ అయితేగాని కనపడని గ్రూపులకు అది పనిచేయదు, వాటికి స్క్రీన్‌షాట్లే గతి.

ఇక మీ వైపు సాక్ష్యం. మీ అసలు పోస్టును ఇప్పుడు దిద్దకండి. ఒక్క కామా మార్చినా 'ఎడిట్ చేశారు' అని చరిత్రలో పడుతుంది, అనవసరమైన అనుమానానికి తావిస్తుంది. కవిత మొదట రాసుకున్న ఫోన్ నోట్స్, ఎవరికైనా చూపించిన వాట్సాప్ సందేశం, పత్రికకు పంపిన మెయిల్, ఏదున్నా అలాగే ఉంచండి.

ఇప్పుడు గ్రూపు అడ్మిన్‌కు రాయండి. నాలుగు వాక్యాలు చాలు: "ఫలానా తేదీన నేను రాసి పెట్టిన కవిత ఇది, లింకు ఇదిగో. మీ గ్రూపులో ఫలానా తేదీన వేరే పేరుతో వచ్చింది, లింకు ఇదిగో. దయచేసి తొలగించండి లేదా నా పేరు చేర్పించండి. రెండు రోజుల్లో స్పందన లేకపోతే ఫేస్‌బుక్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేస్తాను." కోపం, శాపం అందులో ఉంటే అడ్మిన్ ఆయన వైపు మొగ్గుతాడు.

ఫేస్‌బుక్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్నేహితులు వందమంది కలిసి 'స్పామ్' అని రిపోర్టు కొడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాపీరైట్ ఫిర్యాదుకు వేరే ఫారం ఉంటుంది, అది హక్కుదారు గానీ, ఆమె తరఫున అధికారం ఉన్నవారు గానీ మాత్రమే నింపాలి. అసలు లింకు, కాపీ లింకు, ఇది నా రచన, నేను అనుమతి ఇవ్వలేదు అనే ప్రకటన, సంతకంగా మీ పూర్తి పేరు అడుగుతారు. మీ పేరు, మెయిల్ అవతలివారికి వెళ్లే అవకాశం ఉంది కాబట్టి దీనికోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోవడం క్షేమం.

వాట్సాప్‌లో మొదట పంపినవారిని పట్టుకునే మార్గం మీకు లేదు, ఆ వేటలో నిద్ర పాడుచేసుకోకండి. పేరుతో ఉన్న కవితనే మళ్లీ అవే గ్రూపుల్లో తిప్పడం ఒక్కటే పనిచేసే ఉపాయం. ఇకముందు పేరును కింద విడి వరుసలో కాక శీర్షికతో కలిపి రాయండి. బొమ్మ మీద కవిత వేస్తే పేరు మూలన వేయకండి, మూల కత్తిరించడం క్షణం పని. పంక్తుల మధ్య లేతగా పడాలి.

'సేకరణ' గురించి ఒక మాట. ఊరూరా తిరిగి జానపద గేయాలు రాసుకున్నవారు ఆ మాటను గౌరవంగా వాడారు. ఎవరు పాడారు, ఏ ఊరు అన్నది కూడా రాసేవారు. అదే మాట ఇప్పుడు రచయిత పేరు చెరిపిన చోట వేసే ముసుగైపోయింది. పేరు తెలిస్తే 'రచన: ఫలానా' అనాలి. తెలియకపోతే 'రచయిత ఎవరో తెలియదు, తెలిసినవారు చెప్పండి' అనాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే అసలు మనిషి దొరికే అవకాశమైనా మిగులుతుంది, 'సేకరణ' అంటే ఆ దారీ మూసుకుపోతుంది.

ప్రశ్న: నా కథ ఎక్కడో కాపీ అయిందని తెలిసినవారు చెప్పారు. గూగుల్‌లో వెతికితే ఏమీ రావడం లేదు. తెలుగులో ఎలా వెతకాలి? – విజయనగరం

శీర్షికతో వెతికి ఉంటారు. దొంగ మొట్టమొదట మార్చేది దాన్నే. తర్వాత పాత్రల పేర్లు, మొదటి పేరా, చివరి పేరా మారుస్తాడు. నడుమ ఉన్న పేరాల జోలికి సాధారణంగా పోడు. కాబట్టి కథ మధ్యలోంచి ఆరు నుంచి ఎనిమిది మాటల వాక్యం తీసుకోండి. అందులో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు ఉండకూడదు. మీరు మాత్రమే అలా రాస్తారనిపించే వాక్యమై ఉండాలి. దాన్ని రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి వెతకండి. ఇలాంటివి కథలో వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు ప్రయత్నించండి.

తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. 'ఫేస్‌బుక్‌లో' అని సరిగా టైపు చేసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం పడుతుంది. తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొందరి కీబోర్డు దాన్ని వేయదు, అప్పుడు 'ఫేస్బుక్లో' అని పడుతుంది. కంప్యూటర్‌కు ఈ రెండూ వేర్వేరు మాటలు. అందుకే మాట నడుమ పొల్లు వచ్చే ఇంగ్లీషు మాటలు లేని వాక్యాన్ని ఎంచుకోండి. అలాగే చేయి–చెయ్యి, వెళ్లి–వెళ్ళి, పెళ్లి–పెళ్ళి లాంటి రెండు రూపాలున్న మాటలుంటే రెండింటితోనూ వెతకాలి.

ఇంకో చిక్కు అను ఫాంట్లు. పాత డీటీపీ పద్ధతిలో పేజీ కట్టిన పత్రికల పీడీఎఫ్‌లో తెలుగు కంటికి కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది యూనికోడ్ (ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే అక్షర పద్ధతి) కాదు. అక్కడి నుంచి ఒక వాక్యం కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అలాంటి పత్రికలో మీ కథ యథాతథంగా అచ్చయినా వెతుకులాటలో దొరకదు. మీకు చెప్పినవారిని ఏ సంచికో, ఏ గ్రూపో అడగడం అన్నిటికంటే దగ్గరి దారి. బొమ్మగా పెట్టిన పేజీ దొరికితే గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకుని పోల్చవచ్చు. ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, చూసి సరిదిద్దుకోండి.

'ఇంత శాతం కాపీ' అని చెప్పే సాఫ్ట్‌వేర్లను తెలుగు విషయంలో గుడ్డిగా నమ్మకండి. తన దగ్గరున్న రాతలతో పోల్చి మాత్రమే అది చెబుతుంది. సున్నా శాతం అంటే కాపీ కాదని అర్థం కాదు, దానికి దొరకలేదని అర్థం.

ప్రశ్న: నా కథను చాట్‌బాట్‌కు ఇచ్చి మాటలన్నీ మార్చించి తన పేరుతో పెట్టుకున్నాడు ఒకతను. ఒక్క వాక్యం కూడా కలవదు. కానీ చదివితే అది నా కథే. ఎలా నిరూపించాలి? – హనుమకొండ

వాక్యాలు కలవకపోయినా నిరూపించవచ్చు. ఉదాహరణకు మేమే రాసిన ఈ రెండు ముక్కలు చూడండి.

మొదటిది: "వాన వెలిసింది. చూరు నుంచి కారే చుక్కల్ని లెక్కపెడుతూ గడప మీద కూర్చుంది సావిత్రమ్మ. నలభై ఏడు దగ్గర లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది."

రెండోది: "వర్షం ఆగిపోయింది. పైకప్పు అంచు నుండి పడుతున్న బిందువులను గణిస్తూ ద్వారం వద్ద కూర్చుంది లక్ష్మమ్మ. నలభై ఏడు వద్ద గణన తప్పింది. తిరిగి మొదటి నుండి ప్రారంభించింది."

వాన వర్షమైంది, చూరు పైకప్పు అంచైంది, పేరు మారింది. కానీ నలభై ఏడు అలాగే ఉంది. అది నలభై ఏడే కావడానికి కథలో ఏ అవసరమూ లేదు, రాసినవారికి ఆ క్షణాన తోచిన అంకె. ఇలాంటి అవసరంలేని వివరాలే మీ వేలిముద్రలు. ఇంకో సంగతి, గడప మీద కూర్చున్న పల్లెటూరి మనిషి చుక్కల్ని 'గణించదు'. పాత్రకు నప్పని మాట ఒకటి రెండు చోట్ల కాదు, ప్రతి వాక్యంలోనూ తగులుతుంటే పైన ఎవరో రంగు పూశారని తెలుస్తుంది. అయితే ఇది అనుమానానికి మాత్రమే పనికొస్తుంది, రుజువుకు ఆ నలభై ఏడు లాంటివే కావాలి.

రెండు గళ్ల పట్టిక గీయండి. ఎడమ వైపు మీ కథ, కుడి వైపు అతనిది. సంఘటనల వరుస, అవసరంలేని వివరాలు, ఎవరు ఎవరితో ఎప్పుడు ఏమన్నారు, కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నవి పక్కపక్కన రాయండి. మీ కథలో ఏదైనా తప్పు ఉంటే, అంటే రెండో పేజీలో అన్నయ్య అన్న మనిషిని ఐదో పేజీలో బావ అని ఉంటే, అది అతని కథలోనూ ఉందేమో తప్పకుండా చూడండి. ఒకే సత్యం ఇద్దరికి తోచవచ్చు, ఒకే తప్పు ఇద్దరికీ ఒకే చోట రావడం అరుదు.

చట్టం కూడా దాదాపు ఇలాగే చూస్తుంది. తన నాటకాన్ని సినిమాగా కాపీ చేశారంటూ వేసిన ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది. రెండూ చూసినవారికి రెండోది మొదటిదానికి నకలే అన్న అభిప్రాయం స్పష్టంగా కలిగితే అది ఉల్లంఘన. అందుకే అమెరికాలో కొడుకు, ఊళ్లో ఒంటరి తల్లి అన్నంత మాత్రాన మీది కాజేసినట్టు కాదు. ఆ ఇతివృత్తం తెలుగులో వందలమంది రాసింది. మీ పట్టికలో ఐదారు గట్టి పోలికలు రాకపోతే ఆగి, ఇంకోసారి ఆలోచించండి.

కృత్రిమ మేధ రాసిందో లేదో తేలుస్తామనే సైట్ల ఫలితాన్ని తెలుగు రచన మీద సాక్ష్యంగా చూపించకండి. మనుషులు రాసినదాన్ని కూడా అవి యంత్రం రాసిందంటాయి. అది తప్పని తేలిననాడు మీ మిగతా వాదన కూడా పలచనైపోతుంది.

ప్రశ్న: మేము ఒక కథల పోటీ నిర్వహించాం. బహుమతి ప్రకటించిన వారం రోజులకు ఆ కథ పాతదని, వేరేవారిదని ఒకరు మెయిల్ పంపారు. ఏం చేయాలి? ముందే ఎలా ఆపగలం? – ఒక సాహిత్య సంస్థ కార్యదర్శి, బెంగళూరు

మెయిల్ వచ్చిన రోజునే బహుమతి రద్దని ప్రకటించకండి. ఫిర్యాదు చేసినవారిని పాత ప్రచురణ వివరాలు అడగండి: పత్రిక పేరు, సంచిక నెల, సంవత్సరం, పేజీ ఫొటో. ఆన్‌లైన్ లింకు ఒక్కటే ఇస్తే సరిపోదు. బ్లాగుల్లో ప్రచురణ తేదీని వెనక్కి మార్చుకునే వీలుంది, ఫేస్‌బుక్‌లోనూ పాత తేదీ వేసి పోస్టు పెట్టవచ్చు. కాబట్టి తేదీకి ఇంకో ఆధారం ఉండాలి. పాఠకుల కామెంట్ల తేదీలో, వేబ్యాక్ మెషిన్‌లో నిలిచిన నకలో, పత్రిక నుంచి వచ్చిన అంగీకార మెయిలో ఏదో ఒకటి చూడండి.

తర్వాత బహుమతి పొందినవారికి ఆ ఆధారాలు పంపి వారం గడువు ఇవ్వండి. ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు, ఫిర్యాదు చేసినవారే మూడోవారి దగ్గర కాపీ కొట్టి ఉండవచ్చు, లేదా అది ఇంకో భాషలోని కథకు ఇద్దరూ వేర్వేరుగా చేసిన అనువాదం కావచ్చు. వివరణ వచ్చాక కథతో సంబంధం లేని ఇద్దరిచేత, పోటీ న్యాయనిర్ణేతలు కానివారిచేత, రెండు కథలూ చదివించండి. తేలాక మొదటి ప్రకటన ఎక్కడ వచ్చిందో సవరణ కూడా అక్కడే, అంతే పెద్దగా రావాలి. సొమ్ము వెనక్కి తీసుకోవడం, అసలు రచయితకు విషయం తెలియజేయడం రెండూ చేయాలి. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, అన్యాయం జరిగింది ఆయనకే కదా.

ముందే ఆపడానికి తెలుగు పత్రికల్లో ఎప్పటినుంచో ఉన్న హామీపత్రమే మంచి పనిముట్టు. కానీ 'ఇది నా సొంత రచన' అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. అనువాదం కాదు, అనుసరణ కాదు, వెబ్ పత్రిక, బ్లాగు, యాప్, సోషల్ మీడియా గ్రూపు దేనిలోనూ రాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు, తప్పని తేలితే బహుమతి సొమ్ము 15 రోజుల్లో తిరిగి ఇస్తాను అని విడివిడిగా రాయించండి. తుది జాబితాలోకి వచ్చిన పది కథలను ఇందాక చెప్పిన పద్ధతిలో, కథకు నాలుగు వాక్యాల చొప్పున వెతికించండి. ఒక మనిషికి ఒక పూట పని. ఫలితాలకు ముందు తుది జాబితా శీర్షికలు, ఒక్కో కథ నుంచి మొదటి పేరా బయటపెడితే ఇంకా మంచిది. సాఫ్ట్‌వేర్ పట్టలేనిదాన్ని పాత పాఠకుల జ్ఞాపకం పడుతుంది.

హిందీ, తమిళ, ఇంగ్లీషు కథను పేర్లు మార్చి తెలుగులో దించడం మనలో చాలామంది అసలు దొంగతనంగానే చూడరు. అనువాద హక్కు కూడా మూలరచయితదే. 'స్వేచ్ఛానుసరణ' అని కింద వేసినా, ఆయన పేరూ అనుమతీ లేకపోతే లెక్క మారదు.

ప్రశ్న: నా కథను ఒక యూట్యూబ్ చానెల్‌లో చదివి వినిపించారు. నా పేరు చెప్పారు, కానీ నన్ను అడగలేదు. పేరు చెప్పారు కాబట్టి తప్పు లేదంటున్నారు. నిజమేనా? – ఖమ్మం

నిజం కాదు. పేరు చెప్పడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. పేరు చెప్పకపోతే అది చౌర్యం, పేరు చెప్పి అడగకుండా వాడుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన. సమీక్షలో భాగంగా నాలుగు వాక్యాలు చదివితే చట్టం ఒప్పుకుంటుంది, కథ మొత్తం చదివితే కాదు.

ముందు చానెల్‌వారికి ఒక మెయిల్ రాయండి. వీడియో ఉంచాలని మీకే అనిపిస్తే వివరణలో మీ పేరు, కథ మొదట వచ్చిన చోటు, లింకు పెట్టమని, ఇకముందు రాతపూర్వక అనుమతితోనే చదవమని అడగండి. చాలాచోట్ల ఇది ఇక్కడే తీరిపోతుంది.

తీసేయించాలంటే యూట్యూబ్‌లోనే కాపీరైట్ తొలగింపు అభ్యర్థన ఫారం ఉంది. వీడియో లింకు, మీ కథ వచ్చిన చోటు లింకు, వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా మీ కథ ఉందో రాయాలి. వెంటనే తొలగించమనవచ్చు, లేదా 7 రోజుల గడువు ఇవ్వవచ్చు. గడువులోగా వారే తీసేస్తే చానెల్ మీద స్ట్రైక్ (యూట్యూబ్ లెక్కలో ఒక తప్పు) పడదు. మొదటిసారి చేసినవారికి ఈ రెండోది ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెలే మూతపడే ప్రమాదం ఉంది, కాబట్టి ఇది చిన్న ఆయుధం కాదు. అవతలివారు 'మాకు హక్కుంది' అని ప్రతివాదన పెడితే, కోర్టుకు వెళ్లినట్టు చూపించడానికి మీకు 10 పనిదినాలే ఉంటాయి. చూపించకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. హక్కు మీదేనని ఖాయంగా తెలిస్తేనే ఫారం నింపండి, తప్పుడు ఫిర్యాదుకు బాధ్యత మీ మీద పడుతుంది.

కథ ఏదైనా పత్రికలో వచ్చి ఉంటే, 'హక్కులన్నీ పత్రికవే' అని చానెల్‌వారు అనవచ్చు. ఉద్యోగిగా కాక బయటి రచయితగా పంపినప్పుడు హక్కు మీదే. దాన్ని బదిలీ చేశారంటే మీ సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే. హక్కు అమ్మేసినా, ఈ కథ నాదని చెప్పుకునే హక్కు కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ కింద మీతోనే ఉంటుంది.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ లేకపోతే కేసు నిలవదా? పోలీసులు తీసుకుంటారా? – గుంటూరు, కర్నూలు, నిజామాబాద్ నుంచి పలువురు

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణమే హక్కు పుడుతుంది. చేయించుకుంటే మాత్రం కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, కాపీరైట్ కార్యాలయం సైట్లో దరఖాస్తు చేయవచ్చు. డైరీ నంబరు (దరఖాస్తుకు ఇచ్చే సంఖ్య) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తర్వాతే పరిశీలనకు తీసుకుంటారు. ప్రతి కవితకూ ఇది చేయనక్కర్లేదు. నవలకు, కథాసంపుటికి చేయించండి. రాతను కవరులో పెట్టి తనకు తానే పోస్టు చేసుకునే పాత పద్ధతిని నమ్ముకోవద్దు, ఖాళీ కవరు పంపి తర్వాత అంటించారంటే జవాబు ఉండదు.

సివిల్ దావా మీరు ఉండే ఊరి జిల్లా కోర్టులోనే వేయవచ్చు, అవతలి మనిషి ఎక్కడున్నా సరే. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. క్రిమినల్ వైపు అదే చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. అది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. స్టేషన్లో 'ఇది మా పరిధి కాదు' అంటే ఈ సంగతి చెప్పండి. అయితే తెలిసే చేశాడని చూపించాలి. అందుకే మీరు పంపిన మొదటి మెయిల్, దాన్ని చదివాక కూడా తీయలేదన్న రుజువు విలువైనవి.

స్క్రీన్‌షాట్లు కోర్టుకు వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. 2024 జులై 1 నుంచి ఇదే అమల్లో ఉంది. అందులో ఎ, బి అని రెండు భాగాలు. మొదటిది మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ కాస్త మారినా మారిపోయే, దాని వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫొటోను వాట్సాప్‌లో వకీలుకు పంపితే అది కుదించుకుపోయి హ్యాష్ మారిపోతుంది. అసలు ఫైలు ఉన్న ఫోన్‌ను మార్చేయకండి, పెన్‌డ్రైవ్‌లో నకలు పెట్టుకోండి.

ఇంకొకటి. మన కాపీరైట్ నియమాలు 2013లోని 75వ నియమం కింద సైటుకు నోటీసు ఇస్తే, వారికి సబబనిపించినప్పుడు 36 గంటల్లో ఆ పేజీని ఆపాలి. కానీ ఆ నోటీసులో 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని మీరు హామీ ఇవ్వాలి. తేకపోతే వారు తిరిగి పెట్టుకోవచ్చు. ఒక కవిత కోసం అంత దూరం వెళ్లలేరు కాబట్టి సైటు సొంత ఫారం ఉన్నచోట ముందు దాన్నే వాడండి.

ప్రశ్న: నేను ఒక కవితల గ్రూపుకు అడ్మిన్‌ని. 'ఫలానావాడు దొంగ' అని సభ్యులు స్క్రీన్‌షాట్లతో పోస్టులు పెడుతున్నారు. ఉంచాలా, తీయాలా? మా సావనీర్‌లో (ప్రత్యేక సంచికలో) కూడా ఒక కాపీ రచన అచ్చయిపోయింది, దాన్నేం చేయాలి? – డాలస్

స్క్రీన్‌షాట్లు మీరు దాచుకుని ఆ పోస్టులు తీసేయండి. నిజమే అయినా 'దొంగ' అన్న మాట పరువునష్టం కేసుకు దారి తీయవచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో నిజం చెప్పడం ఒక్కటే రక్ష కాదు, అది ప్రజాహితం కోసం చెప్పినదై కూడా ఉండాలి. 'ఈ రెండు కవితలు చూడండి, తేదీలు ఇవి' అని పెడితే చాలు.

మీ పద్ధతిని ముందే రాసిపెట్టుకోండి. ఫిర్యాదు అడ్మిన్‌కు విడిగా రావాలి, రెండు లింకులతో రావాలి. పోస్టు పెట్టినవారికి 48 గంటలు. తెలియక చేసిందైతే అదే పోస్టులో సవరణ, అసలు కవి పేరు. రెండోసారి జరిగితే నెలరోజులు ఆయన పోస్టులు అనుమతి తర్వాతే కనిపించాలి. మూడోసారి సభ్యత్వం రద్దు. పేరున్న కవికీ, నిన్న చేరిన విద్యార్థికీ ఇదే వర్తించాలి. గ్రూపులు చీలిపోయేది చౌర్యం వల్ల కాదు, పెద్దాయన అని చూసీచూడనట్టు వదిలేయడం వల్ల.

ఇక సావనీర్ సంగతి: అచ్చయినదాన్ని మార్చలేరు, కానీ సైటులో ఉన్న పీడీఎఫ్‌లో ఆ పేజీ సరిదిద్ది, సవరించిన తేదీ వేసి పెట్టండి. వచ్చే సంచికలో క్షమాపణ, అసలు రచయితకు ఒక ప్రతి.

ప్రశ్న: పాత కవుల పద్యాలు ఎవరైనా వాడుకోవచ్చు కదా? – రాజమహేంద్రవరం

అందరివీ కాదు. కవి చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో స్వేచ్ఛగా ఉన్నాయి. జాషువ 1971లో పోయారు, ఆయన రచనలపై హక్కు 2031 డిసెంబరు 31 దాకా ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 ఆఖరు దాకా. గడువు తీరిన పద్యాన్ని ఎవరైనా అచ్చు వేయవచ్చు, పాడవచ్చు. పైన తన పేరు వేసుకునే హక్కు మాత్రం ఏ గడువు తర్వాతా ఎవరికీ రాదు.

వికీపీడియా వ్యాసాలకు కూడా ఉచితం అంటే ఊరికే అని కాదు. తెలుగు వికీ నుంచి తీసుకుంటే వికీ పేరు, వ్యాసం లింకు, లైసెన్సు పేరు చెప్పాలి. మీరు మార్చి రాసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి.

ప్రశ్న: నా గోంగూర పచ్చడి వంటకాన్ని ఇంకో పేజీవారు కాపీ చేశారు. – భీమవరం

పాళ్లు ఎవరి సొత్తూ కాదు. గోంగూర ఇన్ని కట్టలు, ఎండుమిర్చి ఇన్ని అన్న జాబితాకు కాపీరైట్ ఉండదు. ఎలా చేయాలో మీరు రాసిన వాక్యాలు, మీరు తీసిన ఫొటోలు, వీడియో మీవి. ఫిర్యాదు ఫొటో మీద చేయండి, తేలిగ్గా తేలుతుంది. అసలు ఫొటో పెద్ద సైజులో మీ దగ్గరే ఉంటుంది, వారి దగ్గర ఉండదు.

ప్రశ్న: వాట్సాప్‌లో వచ్చిన ఒక వ్యాసం బాగుందని కొద్దిగా మార్చి నా పేరుతో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, మా బ్యాచ్ గ్రూపులో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు అసలు రచయిత్రి ఎవరో తెలిసింది. నిద్ర పట్టడం లేదు. తీసేస్తే సరిపోతుందా? – హైదరాబాద్

తీసేయడం మాత్రమే చేయకండి. చదివినవారి మనసులో అది ఇంకా మీ వ్యాసమే. పోస్టు పెట్టిన ప్రతి చోటా ఇది పంపండి: "ఫలానా రోజు నా పేరుతో పెట్టిన వ్యాసం నేను రాసింది కాదు. దాని రచయిత్రి ఫలానా. అసలు వ్యాసం లింకు ఇది. నా పేరు వేసుకోవడం తప్పు, క్షమించండి. మీరు ఎవరికైనా పంపి ఉంటే ఈ సవరణ కూడా పంపండి." 'పొరపాటున', 'తెలియక' అన్న మాటలు చేర్చకండి, మీరు మార్చి పెట్టారు కాబట్టి అవి నిజం కావు. ఆ తర్వాతే పాత పోస్టు తీయండి.

రచయిత్రికి విడిగా రాయండి. ఏ గ్రూపుల్లో పెట్టారో, సవరణ ఎప్పుడు పంపారో స్క్రీన్‌షాట్లతో చెప్పండి. ఆమె కోపంగా రాస్తే వాదించకండి. ఇంకేమైనా చేయమంటే, అది మీ చేతిలో ఉన్నదైతే, చేయండి. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ రాసి ఆమెను ఇబ్బంది పెట్టవద్దు.